గాయపడిన బాల్యం – కళావిద్య : మెతుకుసీమ నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

బాల్యంలో తగిలిన మానసిక గాయాల నుంచి కోలుకోవడంలో కళావిద్య పాత్రను ఈ వ్యాసం తెలుగు సమాజ చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది. మెదక్ పట్టణాన్ని, దాని పరిసర ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకుని, పిల్లలకు కళను ఏ కాలంలో ఏ ప్రయోజనం కోసం నేర్పారో వివేచిస్తుంది. ఉత్తరకాండలోని కుశలవుల గాన ఘట్టం, తెలంగాణ జానపద ప్రదర్శన కళలు, కరువు కాలపు మిషనరీ సేవ, జాతీయ విద్యోద్యమం, బాలానంద కృషి, ఐరోపాలో రెండో ప్రపంచయుద్ధ కాలపు అనుభవాలు ఇందులో చర్చకు వస్తాయి. ఆశ్రయం, మరుగు, శ్రోత అనే మూడు షరతులు కుదిరినప్పుడే కళాభ్యాసం గాయపడిన పిల్లలకు తోడ్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు : బాల్య గాయం, కళావిద్య, మెతుకుసీమ, కుశలవులు, వంత, బొడ్డెమ్మ, బాలానందం.

1. ప్రవేశిక

మెదక్ ప్రాంతానికి మెతుకుసీమ అనే పేరు స్థిరపడింది. అన్నం మెతుకు పేరుతో పిలిచే ఈ నేల చరిత్రను కోట, కెథడ్రల్, మంజీర, కరువు అనే మాటల చుట్టూ చెప్పడం పరిపాటి. కోట గురించి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన చర్చి గురించి రాసిన పుటల్లో పాలకులు, సేనానులు, మతగురువులు, వాస్తుశిల్పులు కనిపిస్తారు. అదే నేల మీద పెరిగిన పిల్లలు కనిపించరు. కనిపించినా ఆకలిగొన్న నోళ్లుగానో, పనికి వచ్చే చేతులుగానో లెక్కకు వస్తారు. వాళ్లు కళ్లారా చూసిన చావు, పడిన భయం, దిగమింగిన అవమానం చరిత్ర రచనకు వస్తువు కాలేదు.

ఈ లోపం గతానికే పరిమితమైనది కాదు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే క్రాసింగు వద్ద బడి బస్సును రైలు ఢీకొని పదిమందికి పైగా చిన్నారులు మరణించారు. చనిపోయినవారి లెక్క తేలింది, పరిహారాల లెక్క తేలింది. గాయాలతో బయటపడినవారు, అన్ననో చెల్లెలినో పోగొట్టుకుని ఇంట్లో మిగిలినవారు, మర్నాడు ఖాళీ బెంచీ పక్కన కూర్చోవలసివచ్చినవారు ఏం మోశారన్నది ఏ లెక్కకూ అందదు. అప్పుల భారంతో తండ్రి ప్రాణం తీసుకున్న రైతు కుటుంబాలు ఉమ్మడి మెదక్ జిల్లాలో తక్కువేమీ కావు. ఆ ఇళ్ల పిల్లల సంగతీ ఇంతే.

ఈ వ్యాసంలో ‘బాల్య గాయం’ అన్న మాటను విస్తృతార్థంలో వాడుతున్నాను. ఇంట్లో హింస, లైంగిక వేధింపు, నిర్లక్ష్యం, తల్లిదండ్రుల మరణం, వెట్టి, ఆకలి, కులం పేరుతో జరిగే అవమానం ఇవన్నీ ఇందులోకి వస్తాయి. పిల్లల శక్తికి మించిన బాధ కలిగి, దాన్ని చెప్పుకోవడానికి మాట గానీ మనిషి గానీ దొరకనప్పుడు అది గాయంగా మిగులుతుంది. ‘కళావిద్య’ అంటే పాట, బొమ్మ, కథ, నాటకం, అల్లిక వంటి వాటిని పిల్లల చేత చేయించే క్రమబద్ధమైన అభ్యాసం. ఈ రెండింటికీ మధ్య తెలుగునాట ఎలాంటి సంబంధం ఏర్పడింది? ఎక్కడ మేలు జరిగింది, ఎక్కడ జరగలేదు? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే ఇక్కడి ప్రయత్నం.

2. కుశలవుల గానం : తెలుగు ఊహలో తొలి కళాశిక్షణ

గాయపడిన పిల్లలకు ఒక గురువు కళ నేర్పిన కథ తెలుగువారికి కొత్తది కాదు. ఉత్తర రామాయణం ఆ కథే. కంకంటి పాపరాజు కావ్యం మొదలు 1963 నాటి ‘లవకుశ’ చలనచిత్రం దాకా తెలుగువారు పదేపదే తమ సొంతం చేసుకున్న వస్తువిది. ఇతిహాస ఘట్టం విద్యాచరిత్రకు ప్రత్యక్ష ఆధారం కాదన్నది నిజమే. ఒక సమాజం కళను, బాల్య దుఃఖాన్ని ఎలా కలిపి ఊహించిందో తెలుసుకోవడానికి మాత్రం ఇంతకు మించిన ఆధారం దొరకదు.

నిండు గర్భిణిగా విడిచిపెట్టబడిన తల్లికి ఆశ్రమంలో పుట్టిన కవలలు వీరు. వారి గాయం వారి పుట్టుక కంటే ముందే మొదలైంది. వాల్మీకి వారికి నేర్పినది వారి ఇంటి కథనే. వాల్మీకి ఉత్తరకాండలో అశ్వమేధ సమయాన ఆ పిల్లలను గానానికి పంపుతూ ముని చేసే సూచనలను కళావిద్య దృష్టితో చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. అలసట రాకుండా, గొంతు చెడకుండా పండ్లు తినమంటాడు. రోజుకు ఇరవై సర్గలే పాడమంటాడు. ధనం మీద ఆశ పెట్టుకోవద్దంటాడు. రాజు మీరెవరి పిల్లలని అడిగితే వాల్మీకి శిష్యులమని మాత్రమే చెప్పమంటాడు.

ఈ నాలుగు సూచనల్లో నాలుగు సూత్రాలున్నాయి. మొదటిది శరీర సంరక్షణ. రెండోది మోతాదు : ఎంత పెద్ద దుఃఖకథనైనా ఒక్కరోజులో మోయవలసిన పని లేదు. మూడోది ప్రతిఫలం మీద చూపు లేకపోవడం. రాముడు బంగారం ఇవ్వబోతే పిల్లలు నిరాకరించడంలో ఈ శిక్షణ ఫలించింది. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. తమ కథను తమదని చెప్పుకోవలసిన బలవంతం నుంచి గురువు ఆ పిల్లలను తప్పించాడు. వారు సభలో నిలబడింది గాయకులుగా. బాధితులుగా తమను తాము ప్రకటించుకోవలసిన అవసరం వారికి రాలేదు. కథ వారికి నోరు ఇచ్చింది, మరుగు కూడా ఇచ్చింది.

వినేవారి సంగతి కూడా గమనించాలి. ఆ పాటను వినవలసిన మనిషి విన్నాడు. వినగా వినగా గుర్తుపట్టాడు. అయితే పాట తల్లిని తిరిగి ఇవ్వలేదు. సీత భూమిలోకే వెళ్లిపోయింది. కళ చేయగలిగినదానికి ఈ ఘట్టం ఒక హద్దు కూడా గీస్తోంది. జరిగిన నష్టాన్ని అది రద్దు చేయలేదు. జరిగిందని లోకం చేత ఒప్పించగలదు. మాన్పడం అన్న మాటను ఈ పరిమితితోనే అర్థం చేసుకోవాలి.

3. జానపద ప్రదర్శనల్లో గాయపడిన పిల్లలు

తెలంగాణ పల్లెల్లో చిందు భాగోతం, ఒగ్గుకథ, బైండ్లవారి కథ, బుర్రకథ, పటం కథ చూస్తూ పెరిగిన పిల్లలకు ఎదురయ్యే కథలను ఒకచోట పేర్చి చూస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. వాటిలో అనేకం హింసకు గురైన పిల్లల కథలు. ప్రహ్లాదుణ్ని హింసించేది కన్నతండ్రి. ధ్రువుడికి తండ్రి ఒడి దక్కదు. లోహితాస్యుడు తల్లితోపాటు అమ్ముడుపోతాడు. ఉయ్యాలలో ఉండగా తల్లిని మాయల ఫకీరు ఎత్తుకుపోతే, పెరిగి పెద్దవాడై ఆమెను వెతుక్కుంటూ వెళ్లే బాలవర్ధిరాజు కథ బాలనాగమ్మ. సురభి నాటక సమాజాలు మొదలు బుర్రకథ దళాల దాకా ఈ కథను ఆడనివారు అరుదు. జమిడిక మీద పలికే ఎల్లమ్మ కథలో తండ్రి ఆజ్ఞకు తల్లి తల నరికిన కొడుకు వరంగా ఆ తల్లి ప్రాణాన్నే కోరుకుంటాడు. పెద్దల ఆజ్ఞ వల్ల తాను చేసిన పనికి తానే తల్లడిల్లే పిల్లవాడి స్థితికి ఇంత తీవ్రమైన రూపం లిఖిత సాహిత్యంలోనూ అరుదు.

ఈ కథల వస్తువు కంటే చెప్పే పద్ధతి మరింత గమనింపదగినది. కథకుడు ఒంటరిగా చెప్పడు. అతనికి వంత ఉంటుంది. బుర్రకథలో ఒక వంత హాస్యం పలికితే మరో వంత లోకరీతిని వ్యాఖ్యానిస్తుంది. దుఃఖం చిక్కబడి శ్రోత ఊపిరి బిగబట్టిన చోట హాస్యపు వంత ఆ బిగువు సడలిస్తుంది. ఉత్తరకాండలో ఇరవై సర్గల హద్దు చేసిన పనినే ఇక్కడ వంత చేస్తోంది. కథకుడి మాటను అందుకుని తిరిగి పలకడం ద్వారా చెప్పిన మాటకు సాక్ష్యం కూడా వంతే ఇస్తుంది. అవ్వ ఒడిలో కూర్చుని, ఊరంతటి మధ్య, లయబద్ధమైన తాళం నడుమ పిల్లలు భయంకరమైన కథను వింటారు. తెల్లవారేసరికి కథ ముగుస్తుంది, లోకం యథాస్థానంలో ఉంటుంది. భయాన్ని ఆద్యంతాలున్న ఆకృతిలో అనుభవించే అవకాశం అది.

పిల్లలు కేవలం శ్రోతలుగా ఉండక కర్తలైన సందర్భం బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు భాద్రపద బహుళపక్షంలో పెళ్లికాని ఆడపిల్లలు మట్టితో మెట్లుమెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టూ తిరుగుతూ పాడతారు. మట్టి పిసకడం, పూలు పేర్చడం, అడుగు కలిపి తిరగడం, గొంతు కలిపి పాడడం అన్నీ ఒకే అభ్యాసంలో ఉన్నాయి. బతుకమ్మ, బొడ్డెమ్మ పాటల్లో అత్తింటి ఆరళ్లు, పుట్టింటి మీద బెంగ, అన్నదమ్ముల ఆదరణ లేమి వస్తువులుగా వస్తాయి. బాల్యవివాహాలు మామూలైన కాలంలో పదేళ్ల పిల్లకు రేపటి భయాన్ని నోటితో అనగలిగిన చోటు ఈ పాటే. ‘నాకు భయంగా ఉంది’ అని ఇంట్లో చెప్పలేని పిల్ల, పాటలోని ఆడబిడ్డ గురించి నలుగురిలో పాడగలదు. కుశలవులకు దక్కిన మరుగే ఇది.

ఇంతమాత్రాన సంప్రదాయ కళ అంతా పిల్లలకు మేలు చేసిందని అనలేం. ఏ ఎల్లమ్మ కథ గాయపడిన కొడుకు వేదనను పలికిందో, ఆ ఎల్లమ్మ పేరుతోనే తెలంగాణ జిల్లాల్లో దళిత బాలికలను జోగినులుగా మార్చారు. జాతరల్లో, శవయాత్రల్లో ఆడడం ఆ బాలికలకు విధి. అక్కడ ఆట వారి గాయంలో భాగమే అయింది. 1988లో దేవదాసీ, జోగినీ సమర్పణను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. ఒకే కళ ఒక పిల్లకు ఊరట, మరొక పిల్లకు చెర కావడానికి కారణం ఆ కళలో లేదు. ఆ పిల్లకు ఆడను అనగల స్వేచ్ఛ ఉందా, ఆటను చూసేవారు ఆమెను మనిషిగా చూస్తున్నారా అన్న ప్రశ్నల్లో ఉంది. ఆశ్రయం లేని చోట ప్రదర్శన దోపిడీగా మారుతుంది.

4. కరువు, మిషన్, మెదక్ పట్టణం

19వ శతాబ్ది చివర దక్కనులో వరుసగా వచ్చిన కరువులు పిల్లలను అనాథలను చేశాయి. 1890ల ద్వితీయార్ధంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌ను కేంద్రంగా చేసుకుని పనిచేశాడు. 1914లో మొదలై పదేళ్లపాటు సాగిన చర్చి నిర్మాణం ఆకలిగొన్న జనానికి పని, అన్నం కల్పించిన నిర్మాణంగా ఈ ప్రాంత ప్రజల జ్ఞాపకంలో నిలిచింది. సుమారు 175 అడుగుల గోపురం, వేలమంది పట్టే ప్రార్థనా మందిరం, ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీలు ఆ పట్టణ రూపాన్నే మార్చాయి. యేసు జననం, సిలువ మరణం, ఆరోహణం ఆ కిటికీల వస్తువులు.

కళాచరిత్ర దృష్టితో చూస్తే ఈ కిటికీలు పటం కథకు దూరమైనవి కావు. చదువురాని జనానికి బొమ్మ ద్వారా కథ చెప్పడమే రెండింటి పని. చేర్యాల నకాషీ చిత్రకారుడు వస్త్రం మీద వరుసగా గీసిన కులపురాణాన్ని కథకుడు విప్పుతూ చెబుతాడు. చర్చి కిటికీలో పగటి వెలుగు ఆ పని చేస్తుంది. పశువుల పాకలో పుట్టిన బిడ్డ, కొడుకు చావును చూసిన తల్లి ఆ బొమ్మల్లో ఉన్నారు. తల్లిదండ్రుల మరణం చూసిన పిల్లవాడికి ఆ రంగుల్లో తన బాధకు పోలిక కనబడే వీలుందని మాత్రం అనవచ్చు.

అయితే బొమ్మను చూపించడం వేరు, పిల్లల చేతికి కుంచె ఇవ్వడం వేరు. కరువు అనాథల కోసం దేశమంతటా వెలసిన మిషనరీ ఆశ్రమాల్లో పిల్లలకు ముఖ్యంగా నేర్పినవి వడ్రంగం, నేత, కుట్టుపని వంటి చేతిపనులు. వాటి లక్ష్యం జీవనోపాధి. ఆకలితో చచ్చిన ఇంటి పిల్లవాడికి రేపటి కూడు సంపాదించే విద్య ఇవ్వడం చిన్న సేవ కాదు. నిలకడైన దినచర్య, కడుపునిండా తిండి, చేతికి పని గాయపడిన మనసుకు ఎంతో అవసరం. అయినా ఆ చేతిపని పిల్లవాడి కథను పలికేందుకు ఉద్దేశించినది కాదు. గోదావరి ప్రాంతంలో మిషనరీ కుటుంబాలు నేర్పిన లేసు అల్లిక తర్వాతి కాలంలో ఎగుమతి పరిశ్రమగా మారి, ఇంట్లో కూర్చుని అల్లే స్త్రీలకు అతి తక్కువ కూలి మిగిల్చిన వైనాన్ని మరియా మీస్ 1982లో ప్రచురించిన నరసాపురం అధ్యయనంలో చూపింది. నేర్పిన విద్య చేతికే పరిమితమైతే చివరికి చెయ్యే మిగులుతుందనడానికి అది నిదర్శనం.

5. జాతి కోసం, ఆనందం కోసం

20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో కళావిద్యకు మరో ప్రయోజనం తోడైంది. మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రలేఖనాన్ని, చేతిపనులను జాతీయ విద్యలో భాగం చేసింది. ప్రమోద కుమార ఛటర్జీ అక్కడ బోధించాడు. అడివి బాపిరాజు ఆ సంస్థతో అనుబంధం పెంచుకున్నాడు. పరాయి పాలనలో కోల్పోయిన ఆత్మగౌరవాన్ని కళ ద్వారా తిరిగి పొందాలన్నది ఆనాటి ఆశయం. ఒక జాతి అవమానాన్ని గాయంగా గుర్తించి కళను మందుగా భావించిన కాలమది. విడివిడి పిల్లల గాయం ఆ పెద్ద గాయం నీడలో ఉండిపోయింది.

పిల్లవాడి గీత పెద్దవాడి గీతకు అసంపూర్ణమైన నకలు కాదని, దానికదే విలువ ఉన్నదని చాటినవారిలో వియన్నాకు చెందిన ఫ్రాంజ్ చిజెక్ ముఖ్యుడు. 1897లోనే అతడు పిల్లల చిత్రకళా తరగతి ప్రారంభించాడు. మన దేశంలో రవీంద్రుని శాంతినికేతన్, అక్కడ చదివి సేవాగ్రామ్‌లో పిల్లలకు చిత్రకళ నేర్పిన దేవీప్రసాద్ ఈ దారిని విస్తరించారు. కళ విద్యకు పునాది అన్నది దేవీప్రసాద్ వాదం.

తెలుగులో పిల్లల గొంతుకు పెద్దపీట వేసినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా వారు నడిపిన బాలల కార్యక్రమాలు, ఆంధ్ర బాలానంద సంఘం, 1945లో ప్రారంభించిన ‘బాల’ పత్రిక తెలుగు పిల్లలను పాఠకులుగా, శ్రోతలుగానే గాక రచయితలుగా, నటులుగా, గాయకులుగా నిలబెట్టాయి. ఆ ఉద్యమం పేరులోనే దాని లక్ష్యం ఉంది. ఆనందం. దెబ్బలూ బెదిరింపులూ చదువులో భాగమని నమ్మిన సమాజంలో ఆనందాన్ని బాలల హక్కుగా ప్రకటించడం ఒక సంస్కరణే. పైగా, ‘అన్నయ్య’, ‘అక్కయ్య’ అన్న పిలుపుల్లో కొత్త బంధుత్వం ఒకటి ఏర్పడింది. కొట్టని, కోప్పడని, వినే పెద్దమనిషి ఒకడు ఉన్నాడన్న నమ్మకం దూరపు ఊళ్ల పిల్లలకు కూడా అందింది. దుఃఖంలో ఉన్న పిల్లవాడికి ఆనందపు పిలుపు చాలదు. ఆ పిలుపును నమ్మగల మనిషి దొరకడం మాత్రం కోలుకోవడానికి తొలి మెట్టు.

ఉమ్మడి మెదక్ జిల్లాలో ఈ పరంపరను సిద్దిపేటలో చూడవచ్చు. కాపు రాజయ్య (1925–2012) చిత్రలేఖన ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, నకాషీ శైలిని ఆధునిక చిత్రకళలోకి తెచ్చి, బోనాలు, బతుకమ్మ, పొలంపనులను తన బొమ్మల్లో నిలిపాడు. పల్లె పిల్లవాడు తన ఇంటిని, తన పండుగను చిత్రానికి తగిన వస్తువుగా గుర్తించడం అతని ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం. పాఠ్యపుస్తకంలోని ఆపిల్ పండును నకలు చేయించే డ్రాయింగు పీరియడు ఈ పని చేయదు.

6. చావు నీడలో కళ : వార్సా, తెరెజిన్

కళావిద్యను స్పష్టంగా గాయపడిన పిల్లల కోసమే వినియోగించిన సందర్భాలు రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఎదురవుతాయి. వార్సా యూదుల ఘెట్టోలో అనాథాశ్రమం నడిపిన వైద్యుడు యానుష్ కోర్చాక్ 1942 జూలై 18న తన పిల్లల చేత రవీంద్రుని ‘డాక్‌ఘర్’ ఆడించాడు. జబ్బుతో గదిలో బందీ అయిన అమల్ అనే బాలుడు కిటికీలోంచి లోకాన్ని చూస్తూ రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూసే నాటకమది. గోడల మధ్య ఉన్న ఆ పిల్లలకు చావును గురించి సూటిగా చెప్పే మాట ఎవరి దగ్గరా లేదు. అమల్ పాత్ర ఆ మాటకు మరుగైంది. ఆగస్టు మొదటి వారంలో కోర్చాక్ ఆ పిల్లలతో కలిసే ట్రెబ్లింకాకు వెళ్లాడు. బెంగాలీలో పుట్టిన నాటకం పోలండు పిల్లల చివరి రోజులకు తోడు నిలవడం భారతీయ సాహిత్య చరిత్రకారులు మరవకూడని ఘట్టం.

తెరెజిన్ నిర్బంధ శిబిరంలో ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ అనే చిత్రకారిణి వందలాది పిల్లలకు రహస్యంగా బొమ్మలు నేర్పింది. బౌహాస్‌లో చదివిన ఆమె తన శిక్షణనే అక్కడ అమలుపరిచింది. లయకు గీత గీయడం, దొరికిన కాగితం ముక్కలతో కొలాజ్ చేయడం, ఎదుట ఉన్న వస్తువును నిదానంగా చూడడం ఆమె పాఠాలు. అంకెలుగా మారిన ఆ పిల్లల చేత బొమ్మ మీద సొంత పేరు రాయించేది. 1944లో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. ఆమె రెండు పెట్టెల్లో దాచిన సుమారు 4,500 బొమ్మలు మిగిలాయి. వాటిలో శిబిరపు దృశ్యాలున్నాయి. పూలు, ఇళ్లు, సీతాకోకలు కూడా ఉన్నాయి. భయం గురించే గీయమని ఆమె ఒత్తిడి చేయలేదని ఆ వైవిధ్యమే సూచిస్తుంది. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ తర్వాత అమెరికాలో పిల్లల కళాచికిత్సకు ఆద్యులలో ఒకరైంది. ఒక చిత్రకళా తరగతి నుంచి ఒక వైద్యశాఖ మొలకెత్తిన వైనం ఇది.

ఈ రెండు ఘట్టాల్లోనూ పిల్లల్లో చాలామంది బతకలేదు. కళ వారి ప్రాణం కాపాడలేదు. ఉన్నన్నాళ్లూ వారిని పిల్లలుగా, పేరున్న మనుషులుగా నిలిపింది. గాయాన్ని సృష్టించే వ్యవస్థ అలాగే ఉండగా కళ ఒక్కటే చాలదన్న సత్యం వీటిలో ఉంది.

7. మనోవిజ్ఞానం తెలిపే విషయాలు

1998లో అమెరికాలో ఫెలిటి, ఆండా బృందం 9,500 మందికి పైగా పెద్దలను పరిశీలించి, బాల్యంలోని హింస, నిర్లక్ష్యం, కుటుంబ కల్లోలం ఎంత ఎక్కువైతే పెద్దయ్యాక శారీరక, మానసిక వ్యాధుల ముప్పు అంత ఎక్కువని చూపింది. మన దేశంలో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించింది. వారిలో సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఆంధ్రప్రదేశ్ కూడా ఆ రాష్ట్రాల్లో ఒకటి. బాల్య గాయం ఎక్కడో కొద్దిమందికి తగిలేదన్న ఊహకు ఈ అంకెలు చోటివ్వవు. ప్రతి తరగతి గదిలోనూ అలాంటి పిల్లలు ఉన్నారనుకునే ఉపాధ్యాయుడు పాఠం మొదలుపెట్టాలి.

మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో కోలుకునే క్రమాన్ని మూడు దశలుగా వివరించింది. మొదట భద్రత, తర్వాత స్మరణ, శోకం, ఆపైన మనుషులతో తిరిగి కలవడం. ఈ వరుస ముఖ్యం. భద్రత కుదరకముందే స్మరణకు తొందరపెట్టడం హాని చేయవచ్చు. ఘోరం జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతి తర్వాతి మానసిక వ్యాధిని నివారించలేదని పరిశోధనల సమీక్షలు తేల్చాయి. తీవ్రమైన భయస్మృతి మేల్కొన్నప్పుడు మెదడులో మాటకు సంబంధించిన భాగం మందగించినట్లు 1996 నాటి ఒక అధ్యయనం గుర్తించింది. నోట మాట పడిపోవడం అన్న తెలుగు నుడికారానికి శాస్త్రం ఇచ్చిన వివరణగా దీన్ని చూడవచ్చు. మాట అందని చోట లయ, రంగు, కదలిక ఉపకరించడానికి కారణం కూడా ఇక్కడే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సమీక్ష 3,000కు పైగా అధ్యయనాలను కూర్చి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయన్న ఆధారాలను చూపింది. ఈ తోడ్పాటు వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. నిద్రపట్టని, ఆత్మహత్య ఆలోచనలు వచ్చే, తిండి మానేసిన పిల్లలకు మానసిక వైద్యం అవసరం.

8. బడిలో కళ : నేటి స్థితి

శాంతా సిన్హా నాయకత్వంలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990లలో రంగారెడ్డి జిల్లాలో ప్రారంభించిన బాలకార్మిక విముక్తి కృషిలో, పని నుంచి వచ్చిన పిల్లలను బడికి సిద్ధం చేసే వసతి శిబిరాలు కీలకం. పాట, ఆట, కథ ఆ శిబిరాల దినచర్యలో భాగమయ్యాయి. పశువుల వెంట, పత్తి చేలలో బాల్యం గడిచిన పిల్లలకు తమ వయసువారి మధ్య నిర్భయంగా కూర్చోవడమే కొత్త అనుభవం. ఇక్కడ కళకు ముందు ఆశ్రయం ఏర్పడింది. పని మాన్పించడం, తిండి, పడక, తోటివారు ముందు. పాట ఆ తర్వాత. హెర్మన్ చెప్పిన వరుసను ఇది పాటించింది.

సాధారణ పాఠశాలల పరిస్థితి వేరు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలను తప్పనిసరి విషయం చేయాలని సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం కళాసమ్మిళిత బోధన గురించి చెప్పింది. ఆచరణలో డ్రాయింగు పీరియడు గణితానికి బదిలీ అవుతుంది. మిగిలిన కళ వార్షికోత్సవ నృత్యంలో, బహుమతుల పోటీలో ఇమిడిపోతుంది. పోటీ ప్రతిభను వెలికితీయవచ్చు. కానీ గాయపడిన పిల్ల పోటీలో ముందుకు రాదు. వచ్చినా, ఓడితే తనకు దక్కవలసింది ఇంతేనన్న నమ్మకం బలపడుతుంది. ధనాశ వద్దన్న వాల్మీకి మాటను బహుమతికి కూడా వర్తింపజేసుకోవాలి.

మరోవైపు కొత్త ఉత్సాహంతో ఇంకో పొరపాటు జరిగే వీలుంది. పిల్లల బొమ్మలో నల్లరంగు కనబడగానే ఏదో జరిగిందని తేల్చేయడం, ‘నీ బాధ గీయి’ అని ఆదేశించడం, ఆ బొమ్మలను గోడకు తగిలించి అతిథులకు చూపడం మరుగును చించివేయడమే. బొమ్మ సాక్ష్యపత్రం కాదు, ఉపాధ్యాయుడు పరిశోధనాధికారి కాదు. అయితే పిల్లలు తమంత తాముగా లైంగిక హింస గురించి చెబితే దాన్ని దాచే హక్కు ఎవరికీ లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలసిందే. బాలల సహాయవాణి 1098 అందుకోసమే ఉంది. మరుగు పిల్లవాడి కోసం. నేరస్థుడికి అది రక్షణ కారాదు.

మెదక్ వంటి పట్టణంలో ఇందుకు కావలసిన వనరులు లేకపోలేదు. ఒగ్గు, బైండ్ల, చిందు కళాకారులు ఉమ్మడి జిల్లా పల్లెల్లో ఉన్నారు. బొడ్డెమ్మ మట్టి ఉచితం. తెలుగు ఉపాధ్యాయుల దగ్గర కథలున్నాయి. వారానికి రెండు పీరియడ్లు, మార్కులు లేని, ప్రదర్శన లేని, మధ్యలో ఆపే స్వేచ్ఛ ఉన్న అభ్యాసంగా వీటిని నడపడం సాధ్యమే. బాలవర్ధిరాజు కథ విని, అతడు తల్లికి రాసే ఉత్తరం పిల్లలు రాయవచ్చు. రాసినది చదవాలా వద్దా అన్నది ఆ పిల్లల ఇష్టం. తెలుగు శాఖలు జానపద వాఙ్మయాన్ని సేకరించి, వర్గీకరించి దశాబ్దాలు గడిచాయి. ఆ వాఙ్మయంలో బాలల దుఃఖాన్ని పలికే కథలను, వాటిని చెప్పే వంత పద్ధతులను ఉపాధ్యాయ శిక్షణకు పనికివచ్చే రీతిలో కూర్చడం ఇప్పుడు చేయవలసిన పని. ఇందులో మనోవైద్యులతో కలిసి నడవాలి.

9. ముగింపు

తెలుగునాట పిల్లలకు కళ నేర్పిన ప్రయోజనాలు కాలానుగుణంగా మారాయి. మిషనరీ ఆశ్రమం జీవనోపాధి కోసం నేర్పింది. జాతీయ విద్యాలయం ఆత్మగౌరవం కోసం, బాలానందం సంతోషం కోసం నేర్పాయి. గాయపడిన పిల్లలు కోలుకోవడానికి కళ అన్న ఆలోచన ఆధునిక విద్యలో ఆలస్యంగా వచ్చింది. ఇతిహాస, జానపద సంప్రదాయాల్లో మాత్రం అది ముందునుంచీ ఉంది. పరిశీలించిన సందర్భాలన్నింటిలో మేలు జరిగిన చోట మూడు అంశాలు కలిసి కనిపించాయి. పిల్లలకు నిలకడైన ఆశ్రయం ఉంది. పాత్ర, బొమ్మ, పాట ఇచ్చే మరుగు ఉంది. తీర్పు చెప్పకుండా వినే శ్రోత ఉన్నాడు. వీటిలో ఒకటి లోపించినచోట కళ ఉపాధిగానో, పోటీగానో, జోగిని ఆట వలె హింసగానో మారింది.

మెతుకుసీమ తన పిల్లల ఆకలిని గుర్తుపెట్టుకుంది. వారికి అన్నం పెట్టినవారిని గౌరవించింది. మాసాయిపేట పిల్లలు, అప్పులకు తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవారవుతున్నారు. వారి తర్వాతి పిల్లలు బడుల్లో కూర్చున్నారు. వారికి మెతుకుతోపాటు వంత పలికే మనిషి కూడా కావాలి.